ఆ ఒక్క మూల దులపలేదు

పీణ్య, బెంగళూరు.
ఉగాది వెళ్లిన ఆదివారం.

ప్రియమైన శశికళకు,

నీ బావ మునీంద్ర రాయునది. ఇక్కడ నేనూ, నీ మొక్కలూ, కింద ఇంట్లో ఓనరు నంజమ్మవ్వా అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఆసుపత్రీ, నీ చేతుల మీద పుట్టిన ఆ దీవి పిల్లలూ చల్లగా ఉండాలి. నీ ఉత్తరం నికోబార్‌లో ఓడెక్కి ఎక్కడెక్కడ తిరిగిందో ఏమో, పండగ ముందురోజుకి చేతికందింది. జెట్టీ దగ్గర సిగ్నల్ దొరికే కాసేపూ మనకు "తిన్నావా, తిన్నాను"తోనే సరిపోతుంది కాబట్టి అడగాలనుకున్నవన్నీ ఉత్తరంలోనే అడిగావు. ఒక్కోదానికీ జవాబు రాస్తాను. ఇంకో రెండేళ్ల కాంట్రాక్టుకు సంతకం పెట్టమంటావా వద్దంటావా అన్న పెద్ద ప్రశ్నకు మాత్రం చివర్లో రాస్తాను. మీ ఆసుపత్రి మేడమ్‌కు వచ్చే నెలాఖరులోగా చెప్పాలని రాశావు, మరిచిపోలేదు.

వంట చేసుకుంటున్నావా అన్నావు. చేసుకుంటున్నాను. రాగిముద్ద ఇప్పుడు ఉండకట్టడం లేదు. పప్పు ఒక పూట వండితే మూడు పూటలు వస్తోంది, అదొక్కటే విసుగు. నువ్వున్నప్పుడు కొలత తెలిసేది, ఇప్పుడు ఒక్క మనిషికి ఎంత వెయ్యాలో ఎన్నిసార్లు వండినా తెలియడం లేదు. చిక్కావా అని కూడా అడిగావు. ప్యాంటు కొంచెం వదులైంది. లేతు మిషను ముందు రోజంతా నిలబడేవాడికి బొజ్జ ఎక్కడి నుంచి వస్తుంది చెప్పు.

ఇక నీ మొక్కలు. మనీ ప్లాంట్ కిటికీ చువ్వలన్నీ చుట్టేసి కర్టెన్ కడ్డీ మీదికి పాకింది. క్రోటన్లు బాగున్నాయి. ఆంథూరియం మాత్రం పోయింది శశీ, తిట్టకు. వారానికి రెండుసార్లు నీళ్లు చాలని నువ్వు చెప్పే వెళ్లావు. నేను పొద్దునా సాయంత్రం పోశాను. ఇంటికొచ్చాక చేతులకు ఇంకో పని కనపడక పోశాను. వేళ్లు కుళ్లిపోయాయి. ఎప్పుడూ తడిగా ఉండే ఆ కుండీల మట్టిలో చిన్న చిన్న ఈగలు పుట్టాయి. ఆ ఈగల కోసం సాలీడు వచ్చింది.

అక్కడే కెవ్వుమనకు, అది చాలా దూరంలో ఉంది. సాలీడు కనపడితే నువ్వు మంచమెక్కి "బావా!" అని ఎలా అరిచేదానివో నాకు గుర్తే. మన ఇంట్లో ఏదో హత్య జరుగుతోందని కింద నుంచి నంజమ్మవ్వ పరుగెత్తుకొచ్చేది. నేను చీపురు పట్టుకుని యుద్ధానికి పోయినట్టు పోయేవాణ్ని. ఈసారి కూడా చీపురు తీశాను. మంచం మీద అరిచే మనిషి లేకపోయేసరికి ఎందుకో కొట్టబుద్ధి కాలేదు.

పసుపూ నలుపూ చారలున్న సాలీడు అది. మనీ ప్లాంట్‌కీ కిటికీ చువ్వకీ మధ్య గూడు కట్టి, నడుమ తెల్లటి దారంతో గుణకారం గుర్తు వేసి, దాని మీద తలకిందులుగా కూర్చుంది. పనిమంతురాలే. కొలబద్ద లేదు, డ్రాయింగు లేదు, వరసల మధ్య ఖాళీ మాత్రం ఎక్కడా కొలత తప్పలేదు. మా సూపర్‌వైజరుకు చూపించాలనిపించింది. గాలికి ఒక పక్క తెగితే మళ్లీ కడుతుంది. సణగదు. మొదట్లో వర్క్‌షాపు నుంచి రాగానే ఉందా లేదా అని చూసేవాణ్ని. తర్వాత "ఉన్నావా?" అనడం మొదలుపెట్టాను. నవ్వితే నవ్వు.

నీకు తెలుసు కదా, షాపులో మిషన్ల మోత. పక్కవాడు నోరు తెరిస్తే పెదాలు కదలడం కనపడుతుంది కానీ మాట వినపడదు. కొత్తగా చేరినవాళ్లంతా ఒడిశా కుర్రాళ్లు, టీ టైములో వాళ్ల భాష వాళ్లది. పగలంతా మాట వినపడదు, ఇంటికొస్తే మాట్లాడేవాళ్లు లేరు. ఆదివారాలు మరీ ఘోరం. ఒక్కో ఆదివారం సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. అందుకని ఈరోజు ఎన్ని పీసులు రిజెక్ట్ అయ్యాయో, కూరగాయల బండివాడు ఏమన్నాడో ఆ సాలీడుకు చెప్పేవాణ్ని. అది వినేదని కాదు. పోనీ, లేచి వెళ్లిపోయేది కాదు కదా.

ఉగాదికి ఇల్లు దులిపావా అని అడిగావు. ఆ కథే చెప్పబోతున్నాను. "మగోడివి, నీకు బూజు కనపడదప్పా, నేనే వస్తా" అని నంజమ్మవ్వ ముందే హెచ్చరించింది. పండగ ముందురోజు సాయంత్రం నేను నీ ఉత్తరం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పైకే చదువుతున్నాను. చదివి, "సంతకం పెట్టమంటావా?" అని సాలీడునే అడిగాను. అంతలో చూస్తే గుమ్మంలో బూజుకర్ర పట్టుకుని నంజమ్మవ్వ నిలబడి ఉంది.

"ఎవురప్పా వచ్చినారు? మాటలు వినపడతా ఉండాయి."

"ఎవరూ లేరవ్వా. ఫోన్లో మాట్లాడతాండా."

"నీ ఫోను మా ఇంట్లో చార్జింగుకి పెట్టి పోయినావు కదప్పా!"

దొరికిపోయాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. వంటింట్లోకి తొంగి చూసింది, తలుపు వెనక చూసింది, బాత్రూమ్ తలుపు కూడా తోసి చూసింది. ఆమె ఎవరి కోసం వెతుకుతోందో అర్థమై నాకు చెమటలు పట్టాయి. నీకు ఎవరైనా చాడీలు రాసేలోపు నేనే రాసేస్తున్నాను, ఇంట్లో ఇంకో ఆడది ఉంది, అది కిటికీలో ఉంది. చూపించక తప్పలేదు.

"దీంతోనా మాట్లాడతా ఉంటివి?"

"ఊఁ."

"ఏమని?"

"శశి ఉత్తరం చదివి చెప్తాంటి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గోడలన్నీ, అటక కింద, ఫ్యాను రెక్కలు, అన్నీ దులిపింది. కిటికీ దగ్గరికొచ్చేసరికి కర్ర దించేసింది. పండగపూట ఇంట్లో బూజుంటే దరిద్రం అని వీధంతా వాయించే మనిషి కదా, నేను నోరు తెరిచాను.

"సుమ్మనే ఉండప్పా. శ్రీకాళహస్తిలో సాలీడుకే ముక్తి ఇచ్చినాడు స్వామి. దాని ఇల్లు పీకేకి నేనెవురు?" అంది. తర్వాత కుర్చీలో కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని అంది. "మా ఆయప్ప పోయినాక నేను గ్రైండరుతో మాట్లాడతా ఉంటి. పిండి చాలునా, ఇంకొంచెం తిప్పల్లా అని అడుగుతా ఉంటి. ఆయప్ప రాడు, ఇంగేం చేస్తా? నీ పెండ్లాం బతికుండాది కదప్పా. ఆయమ్మకి చెప్పేది సాలీడుకు చెప్తావేంటికి?"

కర్ర నా తలుపు వెనకే వదిలేసి దిగిపోయింది. పండగ రోజు పచ్చడీ ఒబ్బట్లూ తెచ్చిపెట్టింది. ఆ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఇక నీ పెద్ద ప్రశ్న. పండగ నుంచి ఈ ఉత్తరం రాస్తూనే ఉన్నాను, చింపుతూనే ఉన్నాను. చింపిన వాటన్నిట్లో "సంతకం పెట్టు, నాకేం ఇబ్బంది లేదు" అనే రాశాను. నువ్వు వెళ్లేటప్పుడు ధైర్యం చెప్పింది నేనే కాబట్టి, ఇప్పుడు మాట మార్చడానికి సిగ్గేసింది. ఈసారి కూడా మొదట్లో అందరం క్షేమం అని రాశాను చూడు. ఉత్తరమంటే అలాగే మొదలుపెట్టాలి కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. కొట్టెయ్యను. మొక్కలు క్షేమం, నంజమ్మవ్వ క్షేమం. నేను క్షేమంగా లేను శశీ. నువ్వు లేకుండా ఈ ఇంట్లో నాకు ఏమీ బాగాలేదు.

అక్కడివాళ్లకు నీ అవసరం ఎంతుందో నాకు తెలుసు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డ గురించీ నీ ఉత్తరాల్లో చదివి షాపులో గొప్పగా చెప్పుకున్నవాణ్నే. నువ్వు ఉండాలనే నిశ్చయించుకుంటే అడ్డం పడను, ఇంకో రెండేళ్లు ఎలాగో ఈడుస్తాను. కానీ నువ్వు నన్ను అడిగావు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. వద్దు. సంతకం పెట్టొద్దు. ఉన్న గడువు ముగించుకుని వచ్చేయి.

ఇల్లు దులిపావా అన్నదానికి జవాబు మిగిలింది. అంతా దులిపాం, ఆ ఒక్క మూల తప్ప. బూజుకర్ర తలుపు వెనకే ఉంది. నువ్వొచ్చి, ఆ సాలీడును చూసి, మంచమెక్కి "బావా!" అని కింద నంజమ్మవ్వకు కూడా వినపడేలా అరవాలి. అప్పుడు దులుపుతాను.

ఇట్లు,
నీ అరుపు కోసం చూసే
నీ బావ,
మునీంద్ర.