గోపమ్మ మారింది

మిర్యాలగూడ
విరోధి నామ సంవత్సరం, శ్రావణం

చిరంజీవి వెంకటేశానికి మేనత్త దుర్గమ్మ దీవించి రాయించేది. గీడ అందరం మంచిగున్నం. మీ సూర్యాపేట పత్రికల నెలనెలా వచ్చే నీ నవలను మా కోడలు ఆండాళు సదివి ఇనిపిస్తున్నది. నాకు అచ్చరం ముక్క రాదని నీకెరికే గద.

మొదట్ల అందుల అత్త గోపమ్మ నాకు మస్తు నచ్చింది. కోడలంటే గట్లనే అదుపుల పెట్టాలె అనుకున్న. గని రాన్రాను మారింది. ఈ నెల కోడలికి జ్వరమొస్తే రాత్రంత పక్కన కూసుండి కాళ్లు పిసికింది. ఇంటుంటే నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. మంచిగ రాసినవ్ బిడ్డా.

ఇట్లు,
దుర్గమ్మ
(రాసింది ఆండాళు)

తా.క.: నిన్న నేను కూడ ఆండాళు తలకు నూనె పెట్టిన. గోపమ్మకన్న నేను తక్కువనా?

సూర్యాపేట
శ్రావణం

పూజ్యురాలైన అత్తమ్మకు వెంకటేశం నమస్కరించి రాసేది. ఇక్కడ మేము క్షేమమే గాని, నీ ఉత్తరం చదివి నా తల తిరిగింది.

నా గోపమ్మ ఎవరి కాళ్లూ పిసకలేదు. జ్వరమొచ్చిన కోడలి చేత తడిసిన వడ్లు ఎండబోయించింది. నవల మొత్తంలో ఆమె ప్రేమగా మాట్లాడింది ఒక్క బర్రెతోనే! ప్రెస్సులో ఎవరో నా రాత మారుస్తున్నారనుకుని, అచ్చు కూర్చే లింగస్వామితో తగువు పెట్టుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. అందుకే కార్తీకంలో గోపమ్మను బావిలో పడేసి నవల ముగిస్తాను.

ఇట్లు,
నీ మేనల్లుడు వెంకటేశం

తా.క.: లింగస్వామికి కోపం తగ్గలేదు. ఈ నెల నా పేరు తలకిందులుగా అచ్చయింది.

మిర్యాలగూడ
భాద్రపదం

చిరంజీవి వెంకటేశానికి అత్త దీవెనలు. నీ ఉత్తరం ఆండాళు సదివింది. గోపమ్మను మెచ్చుకున్నందుకు సంబరపడ్డవట, సల్లగుండు.

ఈ నెల కోడలిని పుట్టింటికి పంపాల్నా వద్దా అని గోపమ్మ ఆలోచన జేస్తున్నది. గాడనే ఆపినవ్. పంపుతదా, పంపదా? జల్ది రాయి, నాకు అన్నం సహిస్తలేదు.

ఇట్లు,
దుర్గమ్మ

తా.క.: ఇది అత్తమ్మ చెప్పింది కాదు. అన్నయ్యా, నేను ఆండాళుని. అచ్చులో ఉన్నట్టు చదివితే ప్రతిదానికీ అత్తమ్మ "గోపమ్మ చేసిందే సబబు" అనేది. భయమేసి జర మార్చాను. కోదాడలో మా అమ్మను చూసి రెండేళ్లయింది. పంపమని అడగడానికి నోరు రాదు. గోపమ్మను బావిలో పడేయొద్దు. ఆమె పోతే నన్ను పంపేవాళ్లు ఎవరూ ఉండరు.

సూర్యాపేట
భాద్రపదం

చెల్లె ఆండాళుకు వెంకటేశం ఆశీస్సులు. అత్తమ్మకు చదవాల్సింది ఇంతే: "గోపమ్మ తప్పక పంపుతుంది."

ఇక నీకు మాత్రమే. నవల రాయడం నాకన్నా నీకే బాగా వచ్చు. లింగస్వామి చేతులు పట్టుకుని తప్పయిందన్నాను. ధైర్యంగా చదువు.

ఇట్లు,
అన్న వెంకటేశం

తా.క.: బావిని ఎండగొట్టాను.

మిర్యాలగూడ
ఆశ్వయుజం

చిరంజీవి వెంకటేశానికి అత్త దీవించి రాయించేది. ఇది రాస్తున్నది మా మిల్లు గుమస్తా పుల్లయ్య. ఆండాళును మొన్న కోదాడకు పంపిన. నెల దినాలు ఉండి రమ్మన్న. బండెక్కేటప్పుడు నన్ను పట్టుకొని ఏడ్చింది.

ఇగ ఒక్క మాట. నాకు అచ్చరాలు రావు గని కండ్లున్నయి గద. ఒక్క ఆకు తిప్పకుంట గంటసేపు సదువుతరా ఎవరన్న? గోపమ్మ కోడలికి జ్వరమని సదివిననాడే తెల్సింది. నీ ఉత్తరాలు కూడ పుల్లయ్యతోటి సదివించుకున్న.

"పంపుతదా, పంపదా" అని రాయిస్తుంటే దాని చెయ్యి ఆగిపోయింది. నాకు గాడనే సమజైంది. రెండేండ్ల కింద గడబిడ దినాలల్ల తొవ్వలు మంచిగలేవని దాన్ని పుట్టింటికి పంపకుంట ఆపిన. తొవ్వలు బాగైనయి, నేనే బాగుకాలే. తల్లిని చూస్తనని అడుగుతందుకు ఆ పిల్లకు నీ గోపమ్మ కావాల్సొచ్చింది. యాదికొస్తే సిగ్గయితది బిడ్డా.

ఇట్లు,
దుర్గమ్మ

తా.క.: పుల్లయ్య నీ నవలను ఉన్నదున్నట్టు సదువుతున్నడు. ఏం బాగలేదు. ఆండాళు వచ్చేదాక ఆపుమన్న.