ఉప్పుటేరు మొగలో ఇసుక

ఏలూరు, మంగళవారం

కిందటేడు ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో తవ్వి, బల్లకట్టు లాంటి పంటు మీద మోసుకెళ్లి సముద్రంలో పోయించిన ఇసుక ఇవాళ మళ్లీ అక్కడే దిబ్బకట్టి ఉంది. దాని మీద కొంగలు కూడా వాలాయి.

ఆ ఇసుక తిరిగి రాదని రిపోర్టు రాసింది నేనే. నీటి వేగం కొలవడానికి రోజూ నీరు సముద్రంలోకి లాగే పాటు వేళకే వెళ్లాం. పోటు వేళ అలలు లేస్తాయి, మిషన్ తడుస్తుందని భయం. పాటుతో నీరు పోతోంది కాబట్టి ఇసుకా పోతుందని తేల్చేశాం. సముద్రం అడుగున ఇసుక మెట్టల నిటారు వైపు ఒడ్డుకే తిరిగి ఉండటం లోతు కొలిచే మిషన్ స్క్రీన్ మీద చూశాను. మెట్ట నిటారుగా ఉన్న వైపుకే ఇసుక కదులుతుంది. అంటే ఇసుక నడిచేది ఒడ్డుకే. తెలిసే వదిలేశాను.

పడవ నడిపే గంగయ్యగారు ఆనాడే చెప్పారు. "పాటు ఎక్కువసేపు నెమ్మదిగా లాగుద్దండీ. పోటు కాసేపే గానీ దూకుడండీ, ఇసుకని ఎత్తుకొచ్చేస్తాదండీ."

ఇవాళ మాత్రం, "మీరేం చేస్తారండీ, పోటుకొస్తే తడిసిపోతారు కదండీ" అన్నారు. తిట్టినా బాగుండేది.

మొగ మూసుకుంటే కొల్లేరు నీరు సముద్రంలోకి దిగదు. పిన్ని వాళ్ల చేలో ఇప్పటికే మోకాలి లోతు నీళ్లు...

సాయంత్రం మా ఆఫీసరు ఫోన్ చేశారు. "మళ్లీ తవ్విద్దామండీ. పాత రిపోర్టే తేదీ మార్చి పంపండి."

"అలాగేనండీ" అన్నాను. ఛీ, ఎంత మెత్తగా అన్నాను!