జాడీలో మిగిలిన ఊట

సువర్ణ వదినకు,

ఫోన్లో చెబితే మీ తమ్ముడు వింటారని రాస్తున్నాను.

అత్తమ్మ పోయే ముందు పెట్టిన బెల్లం తొక్కులో ముక్కలు అయిపోయి, తీపి కారం ఊట మిగిలింది. పారబోస్తే ఆమెకు కోపం కదా. ఆమె ఏటా చేసినట్టే అందులో కొత్త మామిడి ముక్కలు వేసి, జాడీకి గుడ్డ కట్టాను. మూడో రోజు కలుపుదామని విప్పబోతే గుడ్డకు ఎడమచేతి ముడి ఉంది. లోపల ముక్కలు అప్పటికే కలిపి ఉన్నాయి. మనింట్లో ఎడమచేతి వాటం ఆమెదొక్కటే.

బొల్లారం మందుల కంపెనీలో చేరాక మీ తమ్ముడికి ఏ వాసనా తెలియడం లేదు. అలాంటిది నిన్న డ్యూటీ నుంచి వస్తూ, "అమ్మ తొక్కు కలుపుతుందా ఏంది? గేటు దాక వాసనొస్తుంది" అన్నారు. ఆమె లేదని గుర్తుచేసే ధైర్యం నాకు రాలేదు. తింటూ తింటూ వంటింటి వైపు చెవి పెట్టి, "ఉప్పు జెర తక్కువైందంటున్నది, ఎయ్యి" అన్నారు.

రుచి చూశాను. నిజంగానే తక్కువైంది. వేశాను.

కోడలిని, ఆమెను పొమ్మని నేననలేను. ఊట పారబోయడానికి చేతులూ రావడం లేదు. మీరు కన్నబిడ్డ. ఈసారి వచ్చేటప్పుడు ఊట పట్టుకెళ్లడానికి ఖాళీ జాడీ తెచ్చుకోండి.

మీ మరదలు