ముందు ప్రశ్న, తరువాత బాకా

ఉపజిల్లా నిర్వాహక అధికారి గారి సముఖమునకు,

శిముల్‌చర్ గ్రామ వాస్తవ్యురాలు, విముక్తి యుద్ధంలో మరణించిన ఆఫ్తాబుద్దీన్ చెల్లెలు మొసమ్మత్ జొబేదా ఖాతూన్ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: వీర ప్రతీక్ బిరుదుదారు కోబాద్ అలీ తాలూక్‌దార్ అంత్యక్రియలలో జరుగు ప్రభుత్వ వందన సమయమున తమ పక్కన నిలబడుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

తమరు ఆడవారని నాకు తెలుసు. అధికారి ఆడవారైనా "అయ్యా" అనే వ్రాయవలెనని తమ కార్యాలయంలో అర్జీలు తీసుకునే ఆయన చెప్పినందున అట్లే వ్రాస్తున్నాను.

1. సదరు కోబాద్ అలీ ఇంకా చనిపోలేదు. మంచం పట్టి ఉన్నాడు. బతికున్న మనిషి చావు గురించి ముందుగా అర్జీ పెట్టడం సబబు కాదు. అయితే చనిపోయాక పెడితే కాగితం తమ బల్ల మీదికి వచ్చేసరికి మట్టి వేసేస్తారు.

2. నా అన్న ఆఫ్తాబుద్దీన్‌ను ఇంట్లో ముద్దుపేరుతో ఖోకా అని పిలిచేవాళ్లం. మా ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక ఖోకా ఉంటాడు. గట్టిగా పిలిస్తే సగం వీధి తల తిప్పుతుంది. తాలూక్‌దార్ల ఇంట్లో కోబాద్ అలీ కూడా ఖోకాయే.

3. యుద్ధం జరిగిన ఏడాది ఊరి రేవు దగ్గర శత్రు సైనికుల లాంచీని ముంచినది నా అన్న. తరువాత మా జనపచేలో దాక్కున్నాడు. అప్పటికి జనప మనిషి ఎత్తు దాటింది. సైనికులు గట్టు మీదికి వచ్చారు గాని చేలో దిగడానికి భయపడ్డారు. మనవాళ్లే అయి ఉండి వాళ్లతో చేరి దారి చూపే రజాకార్లలో కోబాద్ అలీ ఉన్నాడు. వాడు ఒక్కడే చేని అంచున నిలబడి మా అమ్మ పిలిచినట్టు పిలిచాడు.

"ఖోకా! ఒరే ఖోకా! అన్నం చల్లారిపోతోందిరా, రా!"

సైనికులకు ఆ పేరు తెలియదు. ఆ పేరుతో పిలిచేది మనవాళ్లే అనుకొని అన్న బయటికి వచ్చాడు. నేను గట్టుకు ఇవతల మేకను పట్టుకొని ఉన్నాను. కాల్చిన తరువాత కోబాద్ అలీ నన్ను చూశాడు. "ఇంటికి పో" అన్నాడు. వెళ్లాను. పొయ్యి మీద అన్నం నిజంగానే ఉంది.

4. అన్నతో పనిచేసిన దళనాయకుడు పై జిల్లా వాడు. అన్న అసలు పేరు ఆయనకు తెలియదు. లాంచీ సంగతి పైకి వ్రాసినప్పుడు "శిముల్‌చర్ ఖోకా" అని వ్రాశాడు. బిరుదు ఆ పేరు మీద వచ్చేనాటికి ఆయన చనిపోయాడు, మా అమ్మా నాన్నా చనిపోయారు. కొన్నాళ్లు ఊరు విడిచి తిరిగి వచ్చిన కోబాద్ అలీ, "ఆ ఖోకాను నేనే" అన్నాడు. ఆ పేరుతో మొదట నా అన్న ప్రాణం తీశాడు. అదే పేరుతో రెండోసారి అతని బిరుదు తీసుకున్నాడు.

5. ఈ విషయమై తమకు పూర్వం పనిచేసిన ఒక అధికారిని కలిశాను.

"మీ అన్న పేరు ఆఫ్తాబుద్దీన్ అంటున్నారు. ఈ బిరుదు కాగితంలో ఖోకా అని ఉంది కదమ్మా."

"అతనే ఖోకా అయ్యా."

"సాక్ష్యం?"

"అలా పిలిచేవాళ్లంతా పోయారు."

"మరి కోబాద్ అలీ గారిని అలా పిలిచేవాళ్లు ఉన్నారే" అని అర్జీ తిరిగి ఇచ్చారు. ఆ మాట నిజమే.

6. విజయ దినం నాడు బడి మైదానంలో మెడలో దండతో కోబాద్ అలీ నన్ను పలకరించేవాడు. "ఏం జొబేదా, ఇంకా అర్జీలు పెడుతున్నావా? చేతివ్రాత బాగుపడిందటగా!" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు.

"మీ మీద వ్రాసీ వ్రాసీ బాగుపడింది భాయ్. మీరు చల్లగా ఉండండి" అనేదాన్ని.

7. మా దగ్గర జనాజా నమాజుకు ముందు ఒక ఆచారం ఉంది, తమరు ఎరిగినదే. చనిపోయినవాడి కొడుకు లేచి, మా నాన్న వల్ల ఎవరి మనసైనా నొచ్చి ఉంటే మాఫీ చెయ్యండి అంటాడు. ఇమాం గారు, "ఈ మనిషి ఎలాంటివాడు?" అని అడుగుతారు. "మంచివాడు" అని అందరూ అంటారు. ఇంతవరకు మా ఊళ్లో వేరే జవాబు ఎవరూ చెప్పలేదు.

8. కిందటి వారం కోబాద్ అలీ కొడుకు మిజాన్ మా ఇంటికి వచ్చాడు. నన్ను మేనత్త వరసన ఫుఫూ అంటాడు.

"ఫుఫూ, అబ్బ మాఫీ అడుగుతున్నాడు. ఒక్క మాట అనెయ్యండి."

"దేనికో చెప్పాడా?"

"మనిషన్నాక తెలిసీ తెలియక ఏదో ఒకటి..."

"తెలిసి చేసింది చెప్పమను. తెలియక చేసింది వదిలేస్తాను."

వెళ్లి మళ్లీ వచ్చాడు. "ఆయనకేం గుర్తు లేదంటున్నాడు ఫుఫూ."

"నాకుంది. జనాజాలో అడుగుతారుగా, అప్పుడు చెప్తాను."

మిజాన్ నవ్వాడు. "ఆడవాళ్లు జనాజాకు రారు కదా ఫుఫూ."

9. అందువలన ఈ అర్జీ. కిందటేడు పక్క ఊళ్లో ఒక యోధుడు పోయినప్పుడు తమరే వచ్చి శవం తలవైపు నిలబడి వందనం చేశారు. ఆడది ఇక్కడేమిటని కొందరు గొణిగారు. తమరు కదల్లేదు. తమ పక్కన ఇంకొక ఆడదానికి చోటు ఉంటుంది.

10. బిరుదు ఇకపై అడగను. శవం మీద జెండా కప్పవద్దని కూడా అడగను. కప్పించండి, బాగా కప్పించండి. పోలీసులను బారులు తీర్చండి. అయితే మామూలుగా ముందు వందనపు బాకా ఊదుతారు, తరువాత ఇమాం గారు ఆ ప్రశ్న అడుగుతారు. ఈసారి ముందు ప్రశ్న, తరువాత బాకా అయ్యేటట్లు ఉత్తర్వు ఇప్పించండి. ఊరు ఊరంతా "మంచివాడు" అన్నాక నా జవాబు నేను చెప్తాను. చేని అంచున ఎలా పిలిచాడో అలాగే పిలిచి చూపిస్తాను. అది విన్న తరువాత బాకా ఊదాలో వద్దో తమ చిత్తం.

ఇది పగ అని మిజాన్ అంటున్నాడు. అవును, పగే. వేరే పేరు పెట్టి తమ సమయం పాడుచేయను.

చిత్తగించవలెను. చిత్తగించి త్వరగా ఉత్తర్వు పంపవలెను.

తమ విధేయురాలు,
జొబేదా ఖాతూన్

మళ్లీ వ్రాయునది: కోబాద్ అలీకి అన్నం సయించడం లేదు. అందుచేత జబ్బుమనిషికి బలమిచ్చే మార్పు అనే చేప, పచ్చి అరటికాయ వేసి పల్చటి పులుసు కాచి నేనే రోజూ పంపిస్తున్నాను. తాగుతున్నాడు. నిన్న లేచి కూర్చున్నాడట. నేను మాఫీ చేసేశానని ఊరంతా మెచ్చుకుంటోంది. ఉత్తర్వు వచ్చేదాకా మనిషి ప్రాణం నిలబెట్టగలను గాని, వర్షాలు వెనకబడి చేపలు దొరకడం కష్టంగా ఉంది. దయచేసి ఆలస్యం చేయకండి.