ఒంగే బల్ల

మద్దిలపాలెం,
ఆగస్టు 1983

ప్రియమైన మామ్మకు,

మా పడవల వర్కుషాపులో ఒక ఓడ మనిషి పాత విదేశీ పత్రిక వదిలిపోయాడు. అందులో మోకాళ్ల మీద కూర్చుని అలల మీద జారే పొట్టి బల్ల బొమ్మ ఉంది. పోలియో కాలుతో నిలబడలేను గానీ మోకాళ్ల మీద కూర్చోగలను కదా! ఫైబర్‌గ్లాసుతో ఒకటి చేస్తున్నాను. మధ్యలో పలచన, తేలడానికి అంచుల్లో ఫోము. మేస్త్రీ సూరన్న, "ఇదేటమ్మా, ఎన్నుపూస లేని పడవ సేత్తన్నావ్?" అంటున్నాడు.

సముద్రానికి వెళితే నాన్న నన్ను ఎత్తుకునే ఒడ్డుకి తెస్తాడు. ఒక్కసారైనా నా అంతట నేను రావాలి.

నీ తాయారు

ఎలమంచిలి

ప్రియమైన తాయారుకు,

పలచటి బల్ల మీద సముద్రంలోకి వెళ్లడానికి నువ్వేమన్నా అప్పడానివా? ఇన్నేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నా మాట విను. అడుగున కర్ర పట్టీలు వేయించు. సూరన్నకు నీకంటే బుద్ధి ఉంది. ఆ వేడుక చూడ్డానికి మాత్రం నన్ను పిలవకు. నాకు గుండె దడ.

ఆశీస్సులతో,
మామ్మ

మద్దిలపాలెం

ప్రియమైన మామ్మా,

పట్టీలు వేయించాను. బల్ల విరగలేదు, నా గడ్డం పగిలింది. రుషికొండలో అల వంపు తిరిగిన చోట బల్ల కర్రలా బిగుసుకుని, ముక్కు నీళ్లలో గుచ్చుకుంది. తిప్పాలంటే మోకాలితో గట్టిగా నొక్కాలి. నా ఎడమకాలికి అంత బలమేదీ? పట్టీలు లేనప్పుడు మోకాలు కాస్త ఒత్తితే చాలు, తోక ఒంగేది, వదిలితే ఎగిరి సాగేది.

నాన్న అందరి ముందూ ఎత్తుకొచ్చి, "ఇంక సముద్రం మాటెత్తకు" అన్నాడు.

తాయారు

ఎలమంచిలి

ప్రియమైన తాయారూ,

నీ అల వంపు ఎలా ఉంటుందోనని నీళ్ల గుండిగ లోపల కర్ర స్కేలు పెట్టి చూశాను. రెండు కొనలూ తగిలాయి, మధ్యంతా ఖాళీ. ప్లాస్టిక్ స్కేలు ఒత్తితే ఒంగి, గుండిగ గోడకి అతుక్కుంది. సూరన్న పడవలు సరుకు మోయడానికి, నీది అలతో పాటు ఒంగడానికి. పట్టీలు పీకించెయ్. ఆదివారం వెళ్లు. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను.

తప్పు సలహా ఇచ్చిన
మామ్మ

మద్దిలపాలెం

ప్రియాతిప్రియమైన మామ్మా,

వచ్చాను! అల లేచింది, మోకాలు ఒత్తాను, బల్ల ఒంగింది, నన్ను తిప్పుకుని ఇసుక దాకా తెచ్చింది. మధ్యలో నురగలో మునిగాను గానీ బల్ల వదల్లేదు. ఒడ్డున తోడున్న సూరన్న, "నాను ముట్టుకోలేదమ్మా, నువ్వే సాచ్చి!" అని ఒకటే కేకలు. చంకకర్ర అందుకుని నేనే లేచాను. నాన్న చూసుంటే బాగుండేది.

నీ తాయారు

ఎలమంచిలి

ప్రియమైన తాయారుకు,

చూశాడు. సరుగుడు తోట చాటున ఇద్దరం ఉన్నాం. నువ్వు నురగలో మునగగానే "అమ్మా, వదులు!" అంటూ పరుగు తీయబోయాడు. "ఇన్నాళ్లు మోశావు, ఇంకాస్త ఆగలేవుట్రా?" అని చొక్కా పట్టుకున్నాను. నువ్వు ఒడ్డున లేచి నిలబడ్డాక చంటిపిల్లాడిలా ఏడ్చాడు. దగ్గరికొస్తే మళ్లీ ఎత్తుకుంటాడని, అటునుంచి అటే మా ఊరి బస్సెక్కించాను.

తనని ఆపేంత బలం నాకు ఉందని వాడింకా ఆశ్చర్యపోతున్నాడు. నేను పడిపోకుండా ఉండడానికే వాణ్ణి పట్టుకున్నానని చెప్పకు.

ప్రేమతో,
మామ్మ