గంట మోగింది ఆగమని కాదు

హైదరాబాద్,
జూన్ 9, 2025

పూజ్యులైన భవానీదేవి మేడం గారికి,

మీ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసైన విజయకుమార్ నమస్కరించి రాసేది. ఈమెయిల్ పంపితే మీరు జవాబివ్వరని తెలుసు కాబట్టి కాగితం మీదే రాస్తున్నాను.

పార్సిల్లో ఒక ల్యాప్‌టాప్ వస్తుందండీ. అందులో మా కంపెనీ తయారుచేస్తున్న కొత్త ఆపరేటింగ్ సిస్టం ఉంది. అంటే కంప్యూటర్‌ని లేపి, మిగతా పనులన్నీ నడిపించేది. పేరు 'తొలకరి'. మొత్తం తెలుగే. మనం మాట్లాడితే రాసుకుంటుంది కూడా. ఇంకా బయటికి రాలేదు, జూలై ఇరవైన విడుదల. కోనసీమకి ముప్పై ఏళ్లు టైపు నేర్పిన మీరు వాడి చూసి, బాగుందని రెండు లైన్లు రాసిస్తే ఆరోజు తెర మీద వేస్తాం. తెస్తానని మేనేజరుకి మాటిచ్చేశాను. నాకు టీమ్ లీడరు పదవి ఖాయమయ్యేది ఈ విడుదలతోనే.

మీ శిష్యుడు,
విజయకుమార్


అమలాపురం,
జూన్ 17

చిరంజీవి విజయకుమార్‌కి ఆశీస్సులు.

ఈ ఉత్తరం నీ తొలకరిలోనే కొట్టి, గడియార స్తంభం దగ్గర ప్రింటు తీయించాను. మూత తెరవగానే "నమస్కారం భవానీదేవి గారూ" అంది. గారు పెట్టి పిలిచినందుకు సంతోషించాను. ఆ వెంటనే పదకొండు ప్రశ్నలు వేసింది. ఎక్కడుంటారు, గొంతు వినమంటారా, ముఖం చూడమంటారా అని. మా ఇంటికి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా ఇన్ని అడగలేదు.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వత్తులు విరగడం లేదు. మా పాత మిషన్ల మీద 'క్ష్మ' కొట్టడానికి పడ్డ పాట్లు తలుచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఇక ఎర్రపెన్ను. ఫోల్డర్‌ని 'సంచయం' అన్నదెవరయ్యా? ఫోల్డర్ అంటే మా వీధిలో అందరికీ తెలుసు. సంచయం అంటే తెలుగు మాస్టారు శ్రీరాములు గారు కూడా ఆలోచనలో పడ్డారు. తెర మీద ఆ మంచుకొండ ఎవరిది? గోదావరి మీది మన గన్నవరం అక్విడక్టు బొమ్మ దొరకలేదా? ఇంకా చూడాల్సింది ఉంది. అప్పటిదాకా రెండు లైన్ల కోసం తొందరపెట్టకు.

ఆశీర్వదిస్తూ,
భవానీదేవి


హైదరాబాద్,
జూన్ 24

మేడం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ఎగిరి గంతేశానండీ. 'అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి' అన్న మాట ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఎర్రపెన్ను భాగం మాత్రం చదవలేదు. మీరు ఆ మంచి మాటలే విడిగా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపితే చాలు.

ఎదురుచూస్తూ,
విజయకుమార్


అమలాపురం,
జూలై 2

విజయకుమార్‌కి,

పంపను. ఎందుకో విను.

పైడమ్మ నీకు తెలుసు. ఓడలరేవు నుంచి మన వీధికి చేపలు తెస్తుంది. కూతురు సత్యదుర్గ తల్లితో గొడవపడి కువైట్ వెళ్లి మూడేళ్లయింది. తల్లి చేస్తే ఫోను ఎత్తదు. మాట్లాడితే రాసే మిషను వచ్చింది, కూతురికి ఉత్తరం చెప్పమని నేనే పైడమ్మని పిలిచి కూర్చోబెట్టాను.

"అది మడిసి కాదు గదండీ మేడంగారూ, ఎవరికీ సెప్పదు గదా?" అంది.

"చెప్పదు" అన్నాను.

"ఆయ్, అయితే సెప్తానండి."

నేను తలుపు దగ్గరికి వేసి వరండాలో కూర్చున్నాను. కూతురు బస్సెక్కిన రోజు తను గడప దాటి రాలేదు. ఆ మాట మొదలుపెట్టడం విని ఇంకా దూరం జరిగాను. గంటసేపు మాట్లాడింది. ఆ తర్వాత "మేడంగారూ, ఇది నల్లగా అయిపోయిందండి" అని పిలిచింది. వెళ్లేసరికి నీ తొలకరి దానంతట అదే మూసుకుని, మళ్ళీ లేచి, "కొత్త హంగులతో మీ ముందుకు వచ్చాను!" అంటోంది. తెర మీద కాగితం తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

మళ్ళీ చెప్పమన్నాను. బుద్ధిలేని మాట.

"ఒకసారి ఏడ్సింది మళ్ళీ ఏడవమంటే ఎలాగండీ?" అని బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులు నేనే కాపు కాసి చూశాను. కొత్త హంగుల కోసం పది సెకన్లలో మూసుకుంటానని మూలన చిన్న అక్షరాల్లో చెబుతోంది. పైడమ్మకి చదువు రాదు. ఆమె మూడేళ్లు దాచుకున్నదంతా పది సెకన్లలో పోయింది. దీన్ని బాగుందని నా చేత్తో రాయను.

భవానీదేవి


హైదరాబాద్,
జూలై 8

మేడం గారికి,

జరిగినదానికి బాధపడుతున్నానండీ. ఆ మాటలు తిరిగి తీయడానికి కుదరదు. కానీ ఇది విడుదలకి ముందు ప్రతి, ఇలాంటివి మామూలే. మధ్యమధ్యలో సేవ్ నొక్కాలి, నొక్కకపోవడం వాడేవాళ్ల పొరపాటు. ఇప్పుడు దాన్ని మార్చాలంటే విడుదల ఆగుతుంది, నా పదవీ పోతుంది. 'గారు పెట్టి పిలిచినందుకు సంతోషించాను' అన్నది మీ మాటే కదా. మీ మొదటి ఉత్తరంలోంచి అదే వేసుకుంటాం. దయచేసి ల్యాప్‌టాప్ తిరిగి పంపించండి.

విజయకుమార్


అమలాపురం,
జూలై 12

నాయనా విజయకుమార్,

వేసుకో. విడుదల రోజు నేను పైడమ్మని వెంటబెట్టుకుని హైదరాబాదు బస్సెక్కుతాను. మీ మేనేజరు ముందు ఆమె గొంతు విప్పితే మీ మైకులు అక్కర్లేదు. ల్యాప్‌టాప్ పంపను. కావాలంటే పోలీసుల్ని పంపు, కాఫీ ఇస్తాను.

ఇంకో మాట. ఆ పది సెకన్ల ప్రోగ్రాం రాసింది నువ్వే. నాకెవరూ చెప్పలేదు. నీకు టైపు నేర్పింది నేను.

టైపు మిషను మీద లైను చివరికొస్తుంటే చిన్న గంట మోగేది కదా. ఇంకా అయిదారు అక్షరాలకి చోటుంది, మాట పూర్తిచేసుకోమని అది హెచ్చరిక. నువ్వు మాత్రం గంట మోగీ మోగగానే క్యారేజీ తోసేసి కింది లైనుకి పోయేవాడివి. 'అమలా' ఈ లైన్లో, 'పురం' కింది లైన్లో. "గంట మోగింది ఆగమని కాదురా, మాట ముగించుకోమని" అని ఆరు నెలలు మొత్తుకున్నాను. ఇప్పుడు నీ గంట ఊరందరి మాటలూ మధ్యలో తెంపుతుంది. నీ మీద నాకు కోపం కంటే దుఃఖం ఎక్కువగా ఉంది.

నీ మేడం,
భవానీదేవి


హైదరాబాద్,
ఆగస్టు 11

ప్రియమైన మేడం గారికి,

నెల రోజులు జవాబు రాయలేదు, క్షమించండి. ఆయ్, ఆ పది సెకన్ల ప్రోగ్రాం రాసింది నేనేనండీ.

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని మీటింగుకి వెళ్లాను. తెర మీద మీ రెండు లైన్లకి ఉంచిన చోట పైడమ్మ గారి మాట వేశాను: 'ఒకసారి ఏడ్సింది మళ్ళీ ఏడవమంటే ఎలాగండీ?' అది తీసెయ్యమని మేనేజరు రెండుసార్లు చెప్పారు. తీయలేదు. తప్పు నాదని, ఇది ఇలా బయటికి వెళ్లకూడదని అందరి ముందూ చెప్పాను. విడుదల ఆగింది. పదవి ఇంకొకరికి వెళ్లింది. నా తప్పు నేనే దిద్దుతానని పట్టుబట్టి మూడు వారాలు కూర్చున్నాను.

కొత్త ప్రతి పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. ఇప్పుడు చెప్పిన ప్రతి ముక్కా అదే దాచుకుంటుంది. మూసుకునే ముందు "ముగించారా అండీ?" అని పైకి అడుగుతుంది. "ఆయ్" అనేదాకా కదలదు. 'అవును' ఒక్కటీ చాలదా అన్నారు మావాళ్లు. మా అమలాపురంలో చాలదన్నాను.

పైడమ్మ గారిని ఇంకొక్కసారి కూర్చోమని అడగగలరా?

మీ విజయకుమార్


అమలాపురం,
సెప్టెంబర్ 14

చిరంజీవి విజయకుమార్‌కి,

మొదట రానంది. పది రోజులు బతిమాలాను. ఒక మంగళవారం ఖాళీ బుట్టతో వచ్చి కూర్చుంది. నేను వరండాలో ఉన్నాను. "ముగించారా అండీ?" అని నీ మిషను అడగడం తలుపు ఇవతలికి మూడుసార్లు వినబడింది. మూడుసార్లూ పైడమ్మ పలకలేదు. అదీ కదల్లేదు. నాలుగోసారి "ఆయ్" అంది. ప్రింటు తీయించి, చదవకుండా మడిచి, కువైట్‌కి పోస్టు చేశాను.

నిన్న మా గుమ్మంలో చేపలు తూస్తుండగా సత్యదుర్గ ఫోను చేసింది. పైడమ్మ తక్కెడ వదిలేసి పక్కకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. ఏం మాట్లాడావని అడిగితే, "ఏవుందండీ, అది ఏడ్సింది, నేనిన్నాను" అంది.

రెండు లైన్లు అడిగావు కదా. సంతకం పెట్టి ఇస్తున్నాను, ఎక్కడైనా వేసుకో:

ఇది గంట కొడుతుంది.
మాట ముగిసేదాకా ఆగుతుంది.

సంచయం ఇంకా అలాగే ఉంది, దానికి మార్కులు కోశాను. ల్యాప్‌టాప్ మాత్రం పంపను. పైడమ్మకి వచ్చే మంగళవారం మళ్ళీ కావాలట.

గర్వంగా,
నీ మేడం భవానీదేవి