అన్నకి సరిపోయిన చూపు

14 జూన్ 2005, మంగళవారం

సాయంత్రం అన్నకి నా కారు రేసు గేమ్ చూపించాను. తెర మీద రోడ్డు ఎంత వెడల్పు కనబడాలో అందులో మనమే పెట్టుకోవచ్చు. నేనెప్పుడూ బాగా వెడల్పుగా పెడతాను, పక్క అద్దాలూ పక్కన వచ్చే బండ్లూ కనబడేలా. పదకొండేళ్లుగా టాక్సీ తోలుతున్నవాడు కదా, నీకు నచ్చినట్టు పెట్టుకో అన్నాను. తగ్గించుకుంటూ పోయి, రెండు అద్దాలూ మాయమయ్యాక ఆగాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది. నిజం బండిలో ఇంతే కదప్పా కనపడేది."

"పక్కన ఏమీ కనపడట్లేదు కదన్నా?"

"తల తిప్పకుండా పక్కన ఎవరికి కనపడతాది?"

నవ్వేశాను. అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల కె.ఆర్.పురంలో అన్న ఎడమ పక్క ఆటోని గీకి, ఆ ఆటోవాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలీదన్నాడు. మొన్న వదిన పక్కనుంచి కాఫీ అందిస్తే చెయ్యి తగిలి ఒలికింది. పక్కనుంచి ఇస్తే ఎట్టా కనపడతాదని ఆమెనే కసురుకున్నాడు.

రేపు పొద్దున ఐదింటికి అన్నకి యలహంక డ్యూటీ. ఇల్లు నడిచేది ఆ బండి మీదే. ఈ కంప్యూటర్ కూడా ఆ బండి తోలే కొనిచ్చాడు.

బండి తాళం తీసి నా దిండు కింద పెట్టుకున్నాను. అన్న లేచి అడిగితే ఏమని చెప్పాలో...